జాలీ కొట్టించాం, పడుకునేది మాత్రం మిద్దె మీద

నర్సమ్మ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పైన దోమల గురించే. వానలు మొదలైతే ఇది మామూలే. కాకపోతే ఈసారి ఎవరూ మందులు అడగలేదు, ఇళ్ల గురించి అడిగారు. కిటికీకి ఏం కొట్టాలి, గవాచి (మట్టి మిద్దె కప్పులో వెలుతురుకు వదిలే కంత) మూసేయాలా, డేరాలో పిల్లలను ఎట్లా కాపాడుకోవాలి అని.

నేను డాక్టరును కాను. అనంతపురం, కర్నూలు జిల్లాల పల్లెల్లో 32 ఏళ్లు ఏఎన్‌ఎంగా, చివర్లో సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు అనంతపురంలో కొడుకు దగ్గర ఉంటున్నాను. జ్వరం వచ్చిన ఇంటికి వెళ్లి, వేలు పొడిచి స్లైడు మీద రక్తం తీసుకున్నాక ఒక మాట తప్పకుండా అడిగేదాన్ని: "పిల్లోడు రాత్రి ఎక్కడ పడుకున్నాడో చూపించండి." ఆ చోట కూర్చుని చుట్టూ చూస్తే సగం సంగతి అక్కడే తెలిసిపోయేది. మీ ఉత్తరాలను కూడా అలాగే, పిల్ల పడుకునే చోటు నుంచే చూశాను.

ప్రశ్న: నర్సమ్మా, పోయినేడు కొత్త ఇల్లు కట్టుకున్నాం. రెండు గదులు, స్లాబు. కిటికీలన్నిటికీ మెష్ కొట్టించాం. అయినా పెద్దోడికి ఆగస్టులో మలేరియా వచ్చింది. చిన్నదానికి మూడేళ్లు, దాన్ని చూస్తే టెన్షన్‌గా ఉంది. మా ఆయన "ఆ డబ్బుతో ఫ్రిజ్ కొనుక్కున్నా బాగుండేది" అంటున్నాడు. మెష్ వేస్టేనా?
— ఇద్దరు పిల్లల తల్లి, ఆదోని దగ్గర పల్లె

జవాబు: వేస్ట్ కాదు తల్లీ. కిటికీ దగ్గర మెష్ దాని పని అది చేస్తోంది. దోమ పక్క దారి వెతుక్కుంది, అంతే.

మీ వీధి తలుపు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఎట్లా ఉంటుంది? మా ఇంట్లో అయితే బార్లా తీసి ఉండేది. దీపాలు పెట్టే వేళ తలుపు మూస్తే లక్ష్మి వెనక్కి పోతుందని మా అత్త ఒప్పుకునేది కాదు. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ పగలు కుట్టదు. పొద్దు గుంకాక బయలుదేరి తెల్లవారే దాకా తిరుగుతుంది. అంటే లక్ష్మి వచ్చే వేళా, ఆ దోమ వచ్చే వేళా ఒకటే. ఇంట్లో అన్నిటికంటే పెద్ద కంత వీధి తలుపే. కిటికీలకు మెష్ కొట్టి దాన్ని వదిలేస్తే, గంపకు అడుగు లేకుండా అంచులు అల్లినట్టు. మెష్ తలుపు ఇంకొకటి పెట్టించండి. బయటికి తెరుచుకోవాలి, వదిలేస్తే దానంతట అదే మూసుకునేలా స్ప్రింగు ఉండాలి. తలుపు కింద గడపకు, మెష్‌కు మధ్య వేలు దూరే సందు ఉంటే రబ్బరు పట్టీ కొట్టించండి. "చెక్క తలుపు తీసే ఉంటుందత్తా, జాలీలోంచి లక్ష్మి రాలేదా?" అని నేనంటే మా అత్త ఒకరోజంతా ఆలోచించి సరేనంది.

ఈ వేళ సంగతి ఎప్పటి నుంచో తెలిసిందే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. మూడేళ్ల తర్వాత, 1900లో, సాంబన్, లో అనే ఇద్దరు డాక్టర్లు ఇటలీలో రోమ్ దగ్గర ఆస్టియా అనే చిత్తడి నేలల చోట మెష్ కొట్టిన చెక్క ఇల్లు నిలబెట్టుకుని జూలై నుంచి అక్టోబరు దాకా ఉన్నారు. పగలు మామూలుగా బయట తిరిగేవాళ్లు. పొద్దు గుంకకముందే లోపలికి వెళ్లి తలుపు వేసుకునేవాళ్లు. మలేరియా మందు క్వినైన్ కూడా మింగలేదు. చుట్టుపక్కల జనం జ్వరాలతో పడిపోయినా వాళ్లకు రాలేదు. వాళ్లను కాపాడింది మెష్ ఎంతో, చెప్పిన వేళకు తలుపు వేసుకోవడం కూడా అంతే.

ఇక మీరు రాయని సంగతి ఒకటుంది. ఉక్కపోసిన రాత్రి మీ పిల్లలు ఎక్కడ పడుకుంటారు? మిద్దె మీదే అయితే, కింద మెష్ ఉన్నా లేనట్టే.

దీని మీద నా సొంత సిగ్గు కథ చెప్పాలి. మా ఇంటి కిటికీలన్నిటికీ స్టీలు మెష్ వేయించాం. ఆ ఏడు మే నెలలో కరెంటు పోయిందంటే చాలు, చాపలు, బొంతలు తీసుకుని అందరం మిద్దె ఎక్కేవాళ్లం. ఆరేళ్ల మనవడు నా పక్కనే. జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం వాడికి చలి పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పి నేను మీద చెయ్యి వేసి పట్టుకున్నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. గంటకు చలి పోయి ఒళ్లు పెనంలా కాలింది. తర్వాత చెమట పోసి, లేచి కూర్చుని దోసె అడిగాడు. మరునాడంతా ఆడుకున్నాడు. ఎల్లుండి అదే వేళకు మళ్లీ వణుకు. స్లైడు తీయిస్తే వైవాక్స్ రకం మలేరియా.

దోమ ఎక్కడ పుట్టిందా అని వీధంతా వెతికాను. చివరికి మా నెత్తి మీదే దొరికింది. ఓవర్‌హెడ్ ట్యాంకు మూత గాలివానకు ఎగిరిపోతే మా కొడుకు ఒక కడప బండ ముక్క అడ్డం పెట్టాడు. బండ చిన్నదైంది, ఒక పక్క నాలుగు వేళ్లు పట్టే సందు. టార్చి వేసి చూస్తే నీళ్ల మీద చీపురు పుల్లల ముక్కల్లా అడ్డంగా పడుకుని ఉన్నాయి దోమ పిల్లలు. మురుగులో పెరిగే దోమ పిల్లలు తలకిందులుగా వేలాడతాయి. అనాఫిలిస్ పిల్లలు నీటి పైన చదునుగా పడుకుంటాయి. ఈ తేడా ఎన్ని ఊళ్లలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పిన మనిషినే ఆ ట్యాంకు పక్కన చాప వేసుకుని నెల రోజులు పడుకున్నాను, మనవణ్ణి కూడా పడుకోబెట్టాను.

టౌన్లలో మలేరియాను మోసే స్టీఫెన్సై దోమకు మురుగు అక్కర్లేదు. ట్యాంకు, సంపు, బావి, కూలర్ లాంటి వాటిలో శుభ్రమైన నీళ్లే దానికి కావాలి. మన దగ్గర నీళ్లు తక్కువ కాబట్టి డ్రమ్ముల్లో, గోలాల్లో నాలుగైదు రోజులవి పట్టి పెట్టుకుంటాం. కరువు సీమలో ఇన్ని దోమలేంటని బయటివాళ్లు అడుగుతారు. నీళ్లు లేకపోబట్టే నిలవ పెడతాం, నిలవ పెట్టబట్టే దోమ. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికొకసారి గోలెం ఖాళీ చేసి, అడుగు పీచుతో రుద్ది, ఎండనిచ్చి మళ్లీ పట్టుకుంటే ఆ లెక్క తెగుతుంది. శుక్రవారం డ్రై డే అని మా వాళ్లు మైకులో అరిచేది ఇందుకే.

కాబట్టి ముందు వీధి తలుపు, తర్వాత ట్యాంకు మూత చూసుకోండి. మిద్దె మీద పడుకోవద్దని నేను చెప్పను. మే నెలలో స్లాబు కింద పడుకోమంటే మా ఇంట్లోనే వినరు. మంచానికి నాలుగు మూలలా వెదురు బొంగులు కట్టి దోమతెర వేయండి. గొడుగులా మడిచే తెరలు కూడా షాపుల్లో దొరుకుతున్నాయి. చాప మీద పడుకుంటే తెర అంచు చాప కిందికి పోవాలి. పైన వదిలేస్తే నిద్రలో పిల్ల కాలు తెరకు ఆనుతుంది, దోమ బయటి నుంచే కుడుతుంది.

ఇంకొకటి. పెద్దోడికి వచ్చింది వైవాక్స్ అయితే, ఆ క్రిమి కాలేయంలో దాక్కుని కొన్ని నెలలకు కొత్త దోమ కుట్టకపోయినా మళ్లీ జ్వరం తెప్పించగలదు. అందుకే జ్వరం తగ్గాక కూడా 14 రోజుల ప్రైమాక్విన్ మాత్రలు ఇస్తారు. మూడు రోజులకే పిల్లోడు బాగున్నాడని ఆపేసే ఇళ్లు చాలా చూశాను. మీరు పూర్తిగా వేయించారా? లేకపోతే హాస్పిటల్లో ఆ మాట చెప్పండి. మళ్లీ జ్వరం వస్తే మీ ఆయన మెష్‌ను తిట్టకముందే.

ప్రశ్న: మేడం, ఆఫ్రికాలో గడ్డి కప్పులు తీసేసి రేకులు వేసి, తలుపులకు మెష్ పెట్టినా పిల్లల్లో మలేరియా తగ్గలేదని చదివాను. మరి మీరు ప్రతిసారీ ఇల్లు బాగు చేసుకోండి అంటారే?
— ఉపాధ్యాయుడు, తాడిపత్రి

జవాబు: మీరు చదివింది నిజమే మాస్టారూ. అది గాంబియాలో జరిగింది. 91 ఊళ్లలో 800 ఇళ్లు తీసుకుని కొన్నిటికి గడ్డి బదులు రేకు కప్పు, మెష్ తలుపులు పెట్టారు. రెండు రకాల ఇళ్లకూ మందు కలిపిన దోమతెరలు ఇచ్చారు. పిల్లల జ్వరాల్లో తేడా కనబడలేదని 2021లో తేల్చారు. అక్కడ అప్పటికే తెరలు బాగా వాడుతున్నారు, మలేరియా కూడా తగ్గి ఉంది. అలాంటి చోట ఇంటి మార్పు ఇంకా ఎంత తగ్గించగలదన్నది వాళ్లు చూసింది.

అదే దేశంలో అంతకు ముందు, 2009లో వెలువడిన ఫలితం వేరు. 500 ఇళ్లలో కొన్నిటికి తలుపులు, కిటికీలు, చూరు అన్నీ మెష్‌తో మూశారు. కొన్నిటికి లోపల పైకప్పు కింద మెష్ సీలింగు మాత్రమే కట్టారు. దోమలు సగానికి అటూ ఇటూగా తగ్గాయి. మార్పు లేని ఇళ్లలో నూటికి 19 మంది పిల్లలకు రక్తహీనత ఉంటే, మెష్ కట్టిన ఇళ్లలో 12 మందికి ఉంది. మలేరియా క్రిమి ఎర్ర రక్తకణాలను పగలగొట్టుకుని బయటికొస్తుంది. పిల్ల పాలిపోవడం అందుకే. ఐవరీ కోస్ట్‌లో 40 ఊళ్లలో ఇంటి సందులు మెష్‌తో మూసి, గోడ పైభాగంలో మందు పూసిన జాలీ ఉన్న పైపులు పెడితే పిల్లల మలేరియా 38 శాతం తగ్గింది. ఇదీ 2021లోనే. ఇళ్లకు మెష్ మంచిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే ఏడు సిఫారసు చేసింది, షరతులతో.

ఇన్ని లెక్కలు చెప్పాను కానీ, అక్కడి ఇంటిని తెచ్చి ఇక్కడ పెట్టి చూడకూడదు. అక్కడి గాంబియే అనే అనాఫిలిస్ దోమ గోడకు తగిలి పైకి ఎగురుతుంది, చూరు కింద సందులోంచి లోపలికి పోతుంది. అందుకే వాళ్లు చూరు, చూరు అంటారు. మన స్లాబు ఇంటికి చూరు సందే ఉండదు. మన దోమకు తలుపు, కిటికీ, వెంటిలేటర్, జాలాడి తూము. ఏ ఇంట్లో దోమ ఎటు వస్తుందో చూసి అటు మూయాలి. ఏ ఊరి పరిశోధన చదివినా నేను మొదట వెతికేది ఆ ఇంటి బొమ్మ కోసమే.

ప్రశ్న: అమ్మా, మాది తాతల నాటి మట్టి మిద్దె. రెండు గవాచిలు ఉన్నాయి. వాటిలోంచే దోమలు దిగుతున్నాయని మా కోడలు వాటిని సిమెంటుతో పూడ్చేయమంటోంది. పూడ్చమంటారా?
— జమ్మలమడుగు వైపు నుంచి ఒక పెద్దాయన

జవాబు: పూడ్చొద్దు పెద్దాయనా. మట్టి మిద్దె లోపల కిటికీలు ఎట్లాగూ తక్కువ. వంటింటి పొగ, వేడి పోయేది గవాచిలోంచే, నడింట్లో పగలు వెలుతురు పడేదీ దానిలోంచే. అది పూడిస్తే గది చీకటి పడి చెమ్మ చేరుతుంది. కడుపు నిండిన దోమ పగలు కూర్చోవడానికి వెతికేది సరిగ్గా అలాంటి చోటునే. పైగా గాలి ఆడని గదిలో మనం వదిలే ఊపిరి అక్కడే నిలుస్తుంది. దోమ మనిషిని పసిగట్టేది ఆ ఊపిరిని బట్టే.

గవాచి కొలతకు ఇనుప చట్రం చేయించి స్టీలు మెష్ బిగించి లోపలి వైపు నుంచి కూర్చోబెట్టండి. వానకు పైన వేసే బండ మామూలుగానే వేసుకోవచ్చు. మెష్ అంగుళానికి 16 కళ్లు ఉన్నది అడగండి. అంతకంటే వెడల్పు కళ్లవి ఈగలను ఆపుతాయేమో కానీ దోమను ఆపవు. నైలాన్ జాలీ చవకే, కానీ మన ఎండకు పెళుసెక్కి చిరుగుతుంది. గవాచి దగ్గర ఎలుకలు కూడా తిరుగుతాయి, స్టీలే మేలు.

కప్పు మోసే దంతెలు గోడలో దిగిన చోట సందులు ఉంటాయి చూడండి, పిచ్చుకలు గూడు పెట్టేవి. వాటిని మట్టి, సున్నం కలిపి మెత్తండి. గూట్లో పిల్లలు ఉంటే అవి ఎగిరిపోయేదాకా ఆగండి. పిచ్చుకలే తక్కువైపోయాయి మన ఊళ్లలో.

మీ కోడలు చెప్పిన దాంట్లో సగం నిజముంది కాబట్టి, చట్రం బిగించిన రోజు ఆమె చేతే చూపించండి.

ప్రశ్న: ఇంట్లో ఆవుంటే దోమ ఆవునే కుడుతుంది, పిల్లలకు ఏం కాదంటారు. నిజమేనా?
— గుత్తి

జవాబు: సగం నిజం. పల్లెల్లో మలేరియాను మోసే క్యూలిసిఫేసిస్ దోమకు పశువుల రక్తం అంటేనే ఎక్కువ ఇష్టం. అందుకే అది పశువును వెతుక్కుంటూ వస్తుంది. వచ్చాక పక్కన పిల్ల పడుకుని ఉంటే వదలదు. ఒకే కప్పు కింద ఒక పక్క దూడ, ఒక పక్క ఉయ్యాల ఉన్న ఇళ్లు నేను చూశాను. కొట్టం వేరుగా ఉండాలి. వీలు కాకపోతే మధ్యలో గోడ పైదాకా లేపించండి, పిల్ల మంచానికి తెర తప్పదు.

ప్రశ్న: మస్కిటో కాయిల్ వెలిగిస్తే మెష్ అవసరం లేదు కదా?
— డిగ్రీ విద్యార్థి, కడప

జవాబు: కాయిల్ వెలిగిస్తే ఎనిమిది గంటలు ఆ పొగ పీలుస్తూ పడుకునేది నువ్వే నాయనా. పసిపిల్లలు ఉన్న గదిలో అసలు వద్దు.

ప్రశ్న: నర్సమ్మా, మాది మగ్గం ఇల్లు. గుంత మగ్గం. పగలు గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటే మా ఆయనకు మోకాళ్ల కింద దద్దుర్లే. రాత్రి ఆ మగ్గం పక్కనే పిల్లలను పడుకోబెడతాం, వేరే చోటు లేదు. మందు కొట్టేవాళ్లు వస్తే వద్దని పంపేశాం, మగ్గం మీద పట్టు ఉందని భయం.
— చేనేత ఇంటి ఇల్లాలు, ధర్మవరం

జవాబు: మీ భయం నాకు తెలుసు. మూరెడు నేసిన చీర మీద ఒక చుక్క పడితే ఆ నష్టం ఎవరిస్తారు? ధర్మవరంలో పనిచేసిన రోజుల్లో మందు కొట్టేవాళ్లతో కలిసి నేనూ మీలాంటి గడపల దగ్గర నిలబడి బతిమాలాను. ఒక్కో ఇంట్లో పూజగది తాళం, ఒక్కో ఇంట్లో మందు కొడితే నల్లులు ఎక్కువవుతాయని గొడవ. ఉగాదికి ముందు మందు కొడితే పండక్కి గోడలకు సున్నం వేసేస్తారు, మందు సున్నం కిందికి పోతుంది. ఇంకెక్కడి దోమ చస్తుంది?

మీ ఇంటికి వస్తే, పగలు గుంతలో కాళ్లను కుట్టేది చాలావరకు ఈడిస్ దోమ. కాళ్ల మీద తెల్ల చారలుంటాయి, డెంగీ దానిది. రాత్రి పిల్లలను కుట్టేది వేరు. రెండిటికీ ఆ గుంత దాక్కునే చోటే. నల్లగా, చల్లగా, చెమ్మగా ఉంటుంది. గుంత గోడలకు తెల్ల సున్నం కొట్టండి, వెలుతురు పడితే దోమ అక్కడ కూర్చోదు. అడుగున ఊట నీరు చేరుతోందా చూడండి, చేరుతుంటే మేస్త్రీతో నాపరాయి పరిపించండి. సాయంత్రం నేత ఆపగానే గుంత నోటికి సరిపడా చెక్క వేసి, దాని మీద గోనెపట్ట పరచండి. ఇల్లు మార్చడం అంటే పెద్ద పని అనుకుంటారు, మీ ఇంట్లో ఆ చెక్కే సగం పని. పిల్లల మంచానికి మందు కలిపిన తెర. ఈసారి మందు కొట్టేవాళ్లు వస్తే చీర కోసిన మరునాడు, కొత్త పడుగు ఎక్కించే లోపు రమ్మని రోజు చెప్పండి. అడిగితే వస్తారు. మగ్గం మీద టార్పాలిన్ కప్పుకోండి.

ప్రశ్న: మేడం, నేను ఇళ్లు కట్టే మేస్త్రీని. ఇంటివాళ్లు మెష్ పెట్టమంటారు, ఏడాది తిరక్కుండానే చిరిగిందని నన్నంటారు. తప్పెక్కడుంది?
— బేతంచర్ల

జవాబు: మేస్త్రీ గారూ, మీ మెష్ చిరిగిన చోటు ఎప్పుడైనా చూశారా? నేను చూశాను. ఎక్కువ ఇళ్లలో అది కిటికీ గడియ పక్కనే చిరుగుతుంది. రెక్కలు బయటికి తెరుచుకుంటాయి, గ్రిల్లు మధ్యలో, మెష్ లోపలి వైపు మేకులతో బిగిస్తారు. వాన వస్తే రెక్క మూయాలంటే చెయ్యి పోయే దారి లేదు. ఇంటావిడ రెండు రోజులు ఓపిక పడుతుంది, మూడో రోజు కత్తెర తీసుకుని చెయ్యి పట్టేంత కోస్తుంది. ఆ కంత ఇక దోమల వీధి తలుపే. తప్పు ఆమెది కాదు. మెష్‌ను బందులతో తెరుచుకునే చట్రంలో పెట్టండి, లేదంటే జరిగేలా పట్టాలు వేయండి. రెండూ కుదరకపోతే కనీసం ఒక పక్క అతుక్కునే వెల్క్రో పట్టీ పెట్టండి.

ప్లాను వేసేటప్పుడే కిటికీలు ఎదురెదురుగా ఉంచండి. మెష్ కొంత గాలిని తినేస్తుంది. గాలి రాని గదిలో పిల్లలు పడుకోరు, మిద్దె ఎక్కుతారు. మళ్లీ మొదటికొస్తాం. స్లాబు మీద వాన నీరు నిలవకుండా వాలు, సెప్టిక్ ట్యాంకు గాలి పైపు మూతికి మెష్, ట్యాంకుకు బిగించే మూత. ఇవి బిల్లులో పెద్దగా కనబడవు కాబట్టి అడక్కపోయినా పెట్టేయండి. సంపు మూత మాత్రం ఒక ఆడమనిషి ఒంటిచేత్తో ఎత్తి మూసేంత తేలికగా ఉండాలి. బరువు బండ పెడితే ఎత్తి పక్కన పెట్టి, తిరిగి పెట్టరు.

ప్రశ్న: అమ్మా, మా కొడుకు, కోడలు ఏటా మిరపకాయల కోతకు గుంటూరు పక్కకు పోతారు. పిల్లలిద్దరినీ తీసుకునే పోతారు. పెద్దదానికి ఏడు, చిన్నోడికి రెండు. అక్కడ చేని గట్టున టార్పాలిన్ డేరా. మీరు మెష్, తలుపు అంటున్నారు, వాళ్లకు గోడే లేదు. పోయినేడు చిన్నోడు జ్వరంతో తిరిగొచ్చాడు.
— ఒక అవ్వ, కోసిగి

జవాబు: అవ్వా, నీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను. గోడ లేని చోట దోమతెరే ఇల్లు. దాన్ని అట్లాగే చూడాలి.

వెళ్లేముందే మందు కలిపిన పెద్ద తెర ఒకటి తీసుకోమను, తల్లి, ఇద్దరు పిల్లలు పట్టేది. డేరా లోపల రెండు గుంజలకు అడ్డంగా తాడు కట్టి దాన్నుంచి వేలాడదీయాలి. చాప మీద బొంత, బొంత కింద తెర అంచులు, నాలుగు పక్కలా. పొద్దు గుంకగానే చిన్నోడు అందులోకి వెళ్లాలి. అన్నం కూడా అందులో కూర్చునే తినిపించినా తప్పులేదు. కోతకు తెల్లవారుజామునే లేస్తారు కదా, తల్లి బయటికొచ్చేటప్పుడు తెర ఎత్తి వదిలేస్తుంది, పిల్లలు లోపల నిద్రలో ఉంటారు. ఆమె బయటికొచ్చాక మళ్లీ అంచు బొంత కిందికి తోయాలి. ఈ ఒక్కటీ కోడలికి రెండుసార్లు చెప్పు.

తెరను వారం వారం ఉతకొద్దు, బండకు బాదొద్దు. అది 20 ఉతుకుల దాకా మందు నిలుపుకునేలా చేసింది. మామూలు సబ్బుతో నెమ్మదిగా ముంచి, నీడపట్టున ఆరేయాలి. ఎండలో వేస్తే మందు పోతుంది. చిరిగితే సూది దారంతో అప్పుడే కుట్టేయాలి.

డేరా వేసే చోటు వాళ్ల చేతిలో ఉండదని తెలుసు. అయినా అడిగి చూడమను, కాలువ పక్కన, నీళ్ల గుంత పక్కన వద్దని. తాగే నీళ్ల డ్రమ్ముకు పాత చీర రెండు మడతలు కట్టినా దోమ గుడ్డు పెట్టలేదు. పెద్దదాన్ని వీలైతే మీ ఊరి బడిలో సీజనల్ హాస్టల్ ఉందేమో అడిగి నీ దగ్గరే ఉంచుకో, దాని చదువు కూడా పోదు.

తిరిగొచ్చాక చిన్నోడికి జ్వరం వస్తే, అది ఒక్కరోజు వచ్చి మరునాడు తగ్గినా సరే, ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గరికి తీసుకెళ్లు. కిట్టుతో పావుగంటలో పరీక్ష చేస్తుంది. చేయించేటప్పుడు "మేం గుంటూరు నుంచి వచ్చాం, ఫలానా రోజు వచ్చాం" అని ముందే చెప్పు. ఆ మాట రాసుకుంటే, నీ మనవడితో పాటు ఆ డేరాల నుంచి తిరిగొచ్చిన మిగతా పిల్లల ఇళ్లకు కూడా ఆమె వెళ్తుంది.